మూత తెరిస్తే నల్లటి తెర, సంచిలో వేడెక్కే ల్యాప్‌టాప్

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం. వారాంతాల్లో ఖమ్మం వెళ్లొస్తుంటాను. నిరుడు కొన్న ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు లైనక్స్ వేసుకున్నాను. రెండు ఇబ్బందులు పట్టుకున్నాయి. మూత వేసి మళ్లీ తెరిస్తే నాలుగైదు సార్లలో ఒకసారి తెర నల్లగానే ఉండిపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి మళ్లీ ఆన్ చేసుకోవాల్సిందే. ఇక మూత వేసి సంచిలో పెట్టుకుని బస్సెక్కితే, దిగేసరికి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటోంది, బ్యాటరీ సగానికి పైగా దిగిపోతోంది. రిపేరు షాపులో మదర్‌బోర్డు మార్చాలి, 22 వేలవుతుందన్నారు. నెట్‌లో చూసి బూట్ మెనూ గ్రబ్‌లో ఏవేవో పారామీటర్లు పెట్టాను, ఏమీ తగ్గలేదు. నాకు సి ప్రోగ్రామింగ్ వచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోపల ఏం జరుగుతుందో చూడాలని ఆశ. తప్పు ఎక్కడుందో నేనే పట్టుకోగలనా?

— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పట్టుకోగలరు. మదర్‌బోర్డు జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. పగలంతా నిక్షేపంగా పనిచేస్తూ నిద్ర లేచేటప్పుడు మాత్రమే, అదీ అప్పుడప్పుడూ మొండికేసే యంత్రంలో ముందుగా అనుమానించాల్సింది పరికరాలను నడిపే ప్రోగ్రాములైన డ్రైవర్లను, ఆ తర్వాత బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ అయిన బయోస్‌ను. బోర్డు వంతు చివర్న వస్తుంది. గ్రబ్‌లో పెట్టిన పారామీటర్లన్నీ ముందు తీసేయండి. అవి ఉండగా చేసే ఏ పరీక్షకూ అర్థం ఉండదు. బయోస్‌కు కొత్త అప్‌డేట్ ఉంటే అదీ వేసేయండి.

మీరు రాసినవి ఒకే జబ్బుకు రెండు లక్షణాలని అనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. మొదటిది మేల్కొనడంలో వచ్చిన తేడా. రెండోది అసలు నిద్రే పట్టకపోవడమో, పట్టిన నిద్ర మధ్యలో చెడటమో. వీటిని వేర్వేరుగా వెతకాలి.

అంతకుముందు మీ ల్యాప్‌టాప్‌కు ఏ రకం నిద్ర వచ్చో చూడండి. నేను చెప్పబోయే ఫైళ్లలో చాలా వరకు సిస్ కింద పవర్ ఫోల్డర్‌లో ఉంటాయి. పేర్లలో మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది. అక్కడ మెమ్_స్లీప్ అనే ఫైలును క్యాట్ కమాండ్‌తో తెరిస్తే ఎస్2ఐడిల్, డీప్ అన్న మాటలు కనిపిస్తాయి. ఏది అమల్లో ఉంటే దాని చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి. డీప్ అంటే పాతకాలపు ఎస్3 నిద్ర: ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపేసి, పెత్తనం ఫర్మ్‌వేర్‌కు అప్పజెప్పడం. ఎస్2ఐడిల్‌లో కెర్నల్ ప్రాసెస్‌లను ఆపి, పరికరాలను పడుకోబెట్టి, ప్రాసెసర్‌ను ఖాళీగా కూర్చోబెడుతుంది. మిగతా పొదుపంతా హార్డ్‌వేర్ తనంతట తాను చేసుకోవాలి. 2012లో విండోస్ 8తో కనెక్టెడ్ స్టాండ్‌బై వచ్చింది, విండోస్ 10తో అది మోడర్న్ స్టాండ్‌బై అయింది. ఆ దారిలోనే చాలామంది తయారీదారులు కొత్త మోడళ్లలో ఎస్3ని ఎత్తేశారు. లైనక్స్‌లో ఈ రకం నిద్ర 2013లో 3.9 కెర్నల్‌తో వచ్చింది.

ఆ ఫైలులో మీకు ఎస్2ఐడిల్ ఒక్కటే కనిపిస్తే, నెట్‌లో అందరూ చెప్పే 'మెమ్_స్లీప్_డిఫాల్ట్ ఈక్వల్స్ డీప్' అన్న మంత్రం మీకు పనిచేయదు. ఫర్మ్‌వేర్‌లో లేని ఎస్3ని కెర్నల్ ఎక్కడి నుంచి తెస్తుంది? కొన్ని థింక్‌ప్యాడ్‌ల బయోస్‌లో స్లీప్ స్టేట్‌ను లైనక్స్‌కు మార్చుకునే వీలుంది. అలాంటిది మీ బయోస్‌లో ఉందేమో ఓసారి చూడండి.

ఇక నల్లటి తెర సంగతి. రీస్టార్ట్ చేశాక జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో వెనకటి బూట్ లాగ్ చూసే ఉంటారు. చివరి లైను 'సస్పెండ్ ఎంట్రీ' అని ఉండి ఉంటుంది. అది చూసి నిద్రలోకి వెళ్లేటప్పుడే చచ్చిపోయిందని చాలామంది తేల్చేస్తారు. తొందరపాటు అది. సస్పెండ్‌లో, అంటే నిద్రలోకి దిగేటప్పుడు, కెర్నల్ మొదట్లో చేసే పనుల్లో ఒకటి ప్రాసెస్‌లన్నిటినీ స్తంభింపజేయడం, వాటిలో లాగ్ రాసే జర్నల్‌డీ కూడా ఒకటి. ఆ వెనకే డిస్కూ నిద్రపోతుంది. అక్కడి నుంచి కెర్నల్ చెప్పే ప్రతి మాటా ర్యామ్‌లోనే ఉంటుంది, యంత్రం మళ్లీ లేచి జర్నల్‌డీ కళ్లు తెరిస్తేనే డిస్కుకు ఎక్కుతుంది. లేవకపోతే మీరు పవర్ బటన్ నొక్కిపట్టిన క్షణంలో సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఆ చివరి లైను ఇటూ చెప్పదు, అటూ చెప్పదు.

అందుకే తెర నల్లబడగానే పవర్ బటన్ మీదికి వెళ్లకండి. క్యాప్స్‌లాక్ నొక్కి లైటు వెలుగుతుందేమో చూడండి. వెలిగి ఆరుతుంటే కెర్నల్ బతికే ఉంది, పోయింది తెర ఒక్కటే. వెలగనంత మాత్రాన కెర్నల్ చచ్చిందని కాదు, ఎందుకంటే డెస్క్‌టాప్‌లో ఆ లైటును నడిపేది గ్రాఫిక్స్ వైపు ప్రోగ్రామే, అది బిగుసుకుపోయినా లైటు వెలగదు. ఇంతకంటే గట్టి పరీక్ష ఎస్ఎస్‌హెచ్, అంటే నెట్‌వర్క్ మీదుగా ఇంకో యంత్రం నుంచి లోపలికి రావడం. ముందే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ వేసి ఉంచుకుని, తెర నల్లబడగానే ఇంకో కంప్యూటర్ నుంచో, ఫోన్లో టెర్మక్స్ యాప్ నుంచో లోపలికి వెళ్లే ప్రయత్నం చేయండి. వెళ్లగలిగితే సగం పని అయిపోయినట్టే. కెర్నల్ సందేశాలను చూపే డీమెస్‌జీని ఫైలులోకి దించుకోండి, గ్రాఫిక్స్ డ్రైవర్ పేరుతో ఎర్రర్లు అందులోనే కనిపిస్తాయి.

మీ గ్రాఫిక్స్ కార్డు ఏదో రాయలేదు. విడిగా ఎన్విడియా కార్డు ఉండి, కంపెనీ డ్రైవర్ వాడుతుంటే ఒకటి చూడాలి. ఆ డ్రైవర్‌కు నిద్రకు ముందు వీడియో మెమరీ మొత్తాన్నీ దాచుకునే ఏర్పాటు విడిగా ఉంది: 'ఎన్వీరెగ్_ప్రిజర్వ్‌వీడియోమెమరీఅలొకేషన్స్' అనే పారామీటర్ 1 అయి ఉండాలి, ఎన్విడియా సస్పెండ్, ఎన్విడియా రెజ్యూమ్ అనే సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీసులు ఎనేబుల్ అయి ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే మీరు చెప్పినలాంటి నల్లటి తెరే దక్కుతుంది.

ఎస్ఎస్‌హెచ్ కూడా అందకపోతే, మీరు కోరుకున్న కెర్నల్ లోపలి పని అప్పుడు మొదలవుతుంది.

మొదటి సాధనం పీఎం_టెస్ట్. నిద్రలోకి దిగే దారిలో మెట్లున్నాయి: ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్. వీటిలో ఒక పేరును పీఎం_టెస్ట్ ఫైలులో రాసి, తర్వాత స్టేట్ అనే ఫైలులో మెమ్ అని రాస్తే, కెర్నల్ ఆ మెట్టు దాకా దిగి, అక్కడ 5 సెకన్లు ఆగి, వెనక్కి ఎక్కి వచ్చేస్తుంది. నిజంగా నిద్రపోదు. ఫ్రీజర్‌తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ దిగండి. ఎస్2ఐడిల్‌లో మొదటి మూడు మెట్లే కుదురుతాయి, మిగతా రెండూ అడిగితే కెర్నల్ ఒప్పుకోదు. మీ జబ్బు నాలుగైదు సార్లకు ఒకసారి వచ్చేది కనుక ఒక్కో మెట్టునూ ఒకసారి చూసి వదిలేయకండి, పదిహేను ఇరవై సార్లు దించి ఎక్కించండి. ఫ్రీజర్ దాటి డివైసెస్ దగ్గర బిగుసుకుంటే దోషి ఏదో ఒక డ్రైవర్ అని తేలిపోయినట్టే. అప్పుడు వైఫై, బ్లూటూత్, కార్డ్ రీడర్ డ్రైవర్ మాడ్యూళ్లను మాడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఒక్కొక్కటిగా తీసేసి మళ్లీ చూడాలి. అన్ని మెట్లూ సాఫీగా దాటి, నిజంగా నిద్రపోయినప్పుడే చస్తుంటే అనుమానం ఫర్మ్‌వేర్ వైపు, లేదా నిజంగా కరెంటు పోయి వచ్చిన పరికరాన్ని సరిగ్గా లేపలేని డ్రైవర్ వైపు మళ్లుతుంది.

ఇక్కడ రెండు చిన్న సంగతులు. సుడో ఎకో అని రాసి బాణం గుర్తుతో ఈ ఫైళ్లలోకి పంపితే పర్మిషన్ డినైడ్ అంటుంది, ఎందుకంటే బాణం పని చేసేది మీ షెల్, సుడో కాదు. సుడో మైనస్ ఐ కొట్టి రూట్ షెల్‌లోంచి చేసుకోండి. రెండోది, పరీక్షలయ్యాక పీఎం_టెస్ట్‌లో నన్ అని తిరిగి రాయడం మరవకండి. మరిచిపోయి, పడుకోబెట్టిన 5 సెకన్లకే లేచి కూర్చుంటోందని కొత్త ఫిర్యాదు మొదలుపెట్టేవాళ్లున్నారు.

రెండో సాధనం పీఎం_ట్రేస్. కెర్నల్‌లో నాకు బాగా ఇష్టమైన మొరటు తెలివి ఇదే. 2006లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ రాశాడు. సమస్య ఏమిటో చూడండి. మేల్కొంటూ మేల్కొంటూ యంత్రం చచ్చిపోయింది. డిస్కు లేదు, తెర లేదు, నెట్‌వర్క్ లేదు. పవర్ తీసి పెడితే ర్యామ్ పోతుంది. చచ్చేముందు ఏ డ్రైవర్ దగ్గరుందో ఎక్కడ రాసిపెట్టాలి? పవర్ తీసినా, బయోస్ మళ్లీ మొదటి నుంచి లేచినా చెక్కుచెదరకుండా మిగిలేది ఒక్కటే కనిపించింది: చిన్న బ్యాటరీతో నడిచే గడియారం, ఆర్‌టీసీ. అందుకని ఆ వివరాన్ని తేదీగా, టైముగా మార్చి గడియారంలోనే రాసేయాలన్నది ఆయన ఎత్తు.

ఎంత పడుతుంది అందులో? సంవత్సరానికి 100 విలువలు, నెలకు 12, తేదీకి 28 (ఏ నెలలోనైనా చెల్లే తేదీలు అవే), గంటకు 24, నిమిషాలకు 20. ఇవన్నీ గుణిస్తే 1,61,28,000. అంటే 24 బిట్లకు కాస్త తక్కువ. నిమిషాలకు 60 కాక 20 ఎందుకంటే, మీరు పవర్ తీసి మళ్లీ బూట్ చేసేలోపు గడియారం ఆగదు కదా. మూడేసి నిమిషాల గళ్లు పెట్టుకుంటే ఆ గడిలో ఉండగానే చదువుకోవచ్చు. ఈ కొద్దిపాటి చోటులో ఫైలు పేరు, లైను నంబరు కలిపి 997 గళ్ల హ్యాష్ (పేరును లెక్కగట్టి కుదించిన అంకె), పరికరం పేరుకు 1,009 గళ్ల హ్యాష్, ఇంకో 16 విలువలు సర్దాడు. ఆ మూడూ గుణిస్తే 1,60,95,568. సరిగ్గా పట్టింది.

వాడే తీరు ఇది. పీఎం_ట్రేస్ ఫైలులో 1 రాసి పడుకోబెట్టండి, లేపండి. నల్లటి తెర వస్తే కాసేపు ఆగి, అది నిజంగా కదలడం లేదని రూఢి చేసుకుని, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, వెంటనే ఆన్ చేయండి. 3 నిమిషాలు దాటితే చదివేది తప్పవుతుంది. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రాగానే డీమెస్‌జీలో 'హ్యాష్ మ్యాచెస్' అన్న మాట కోసం వెతకండి. ఒక లైనులో కెర్నల్ ఫైలు, లైను నంబరు ఉంటాయి. ఇంకో లైనులో పరికరం ఉంటుంది, పీసీఐ పరికరమైతే దాని అడ్రసుతో. ఆ అడ్రసును ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ ఇచ్చే జాబితాలో చూస్తే అది ఎన్వీఎంఈ డిస్కో, యూఎస్‌బీ కంట్రోలరో, వైఫైయో తెలిసిపోతుంది. ల్యాప్‌టాప్‌లో కెర్నల్ లెక్కలో పరికరాలు వందల్లో ఉంటాయి, గళ్లు 1,009 మాత్రమే. అందుకని ఒకే హ్యాష్‌కు రెండు మూడు పేర్లు వచ్చినా కంగారుపడకండి. మూడు నాలుగు సార్లు చావనిచ్చి, ప్రతిసారీ వస్తున్నది ఏదో చూడండి.

ఖర్చు కూడా చెప్పాలి. గడియారం చెడుతుంది. బూట్ అయ్యేసరికి మీరు ఏ 2041 మార్చిలోనో ఉండొచ్చు. బ్రౌజర్ సర్టిఫికెట్లన్నీ తప్పంటుంది, టైమును మీరే సరిచేసుకోవాలి. ఆఫీసు పని ఉన్న రోజున, బ్యాకప్ లేని డిస్కుతో ఈ పని పెట్టుకోవద్దు. పీఎం_ట్రేస్ ఆన్ చేస్తే పరికరాలను ఒకేసారి కాక ఒకదాని వెనక ఒకటి లేపుతుంది. దాంతో జబ్బే మాయమైతే నిరుత్సాహపడకండి, అదీ ఒక ఆధారమే: రెండు డ్రైవర్ల మధ్య ఎవరు ముందు లేవాలన్న తగాదా నడుస్తోందన్నమాట. పీఎం_ఎసింక్‌లో 0 రాసి, పీఎం_ట్రేస్ లేకుండా చూస్తే నిర్ధారణ అవుతుంది.

అప్పుడప్పుడూ వచ్చే జబ్బుకు మూత వేసి తీస్తూ కూర్చోనక్కర్లేదు. ఆర్‌టీసీవేక్ అనే కమాండ్ అలారం పెట్టి పడుకోబెట్టి లేపుతుంది, లూపులో పెట్టి అన్నం తినేసి రావచ్చు. కానీ దాన్ని మెమ్ మోడ్‌లో నేరుగా వాడితే అది సిస్టమ్‌డీని తప్పించి తిన్నగా కెర్నల్‌కు చెబుతుంది, పైన చెప్పిన ఎన్విడియా సర్వీసులు నడవవు. లేని జబ్బును మీరే తెచ్చుకున్నట్టవుతుంది. అందుకని దాన్ని నో మోడ్‌లో వాడి అలారం మాత్రం పెట్టించుకుని, పడుకోబెట్టే పని సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్‌కు అప్పగించండి. పీఎం_ట్రేస్‌తో మాత్రం కలపకండి, గడియారమే మారిపోతుంటే అలారం ఎప్పుడు మోగుతుంది?

ఇప్పుడు సంచి సంగతి. నిద్రపోయేవాణ్ని లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని లేపలేమంటారు. ఎస్2ఐడిల్‌లో తరచూ జరిగేది ఆ నటనే: తెర ఆరిపోతుంది, లైటు మెల్లగా వెలిగి ఆరుతుంటుంది, లోపల ప్రాసెసర్ మాత్రం లోతైన స్థితికి చేరదు. కొత్త కెర్నల్‌లలో సస్పెండ్_స్టాట్స్ ఫోల్డర్ లోపల లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్ అనే ఫైలుంది. క్రితం నిద్రలో హార్డ్‌వేర్ నిజంగా ఎంతసేపు పడుకుందో అది మైక్రోసెకన్లలో చెబుతుంది. 5 నిమిషాలు పడుకోబెట్టి లేపి చూడండి. 30 కోట్లకు దగ్గరగా ఉంటే నిద్ర అసలైనదే. సున్నా ఉంటే ఏదో ఒక పరికరం దాన్ని కిందికి దిగనివ్వడం లేదు. ఇంటెల్ యంత్రమైతే కెర్నల్ డీబగ్ ఫైళ్లుండే డీబగ్‌ఎఫ్ఎస్‌లోని పీఎంసీ_కోర్ ఫోల్డర్, ఏఎండీ అయితే ఏఎండీ డీబగ్ టూల్స్‌లోని ఎస్2ఐడిల్ పరీక్ష అడ్డుపడుతున్నది ఏదో చెబుతాయి. ఏఎండీ వాళ్ల రిపోర్టు నిజంగా చదవబుద్ధేసేలా ఉంటుంది.

అంకె బాగానే ఉండి, బ్యాటరీ మాత్రం దిగిపోతుంటే మధ్యలో ఎవరో లేపుతున్నారు. లేచిన వెంటనే పీఎం_వేకప్_ఐఆర్‌క్యూ ఫైలులో ఒక నంబరు ఉంటుంది, ప్రాక్ కింద ఇంటరప్ట్స్ ఫైలులో అదే నంబరు ఎదురుగా ఉన్న పేరు చూసుకోండి. ఒకటి అడుగుతాను, వైర్‌లెస్ మౌస్ బుడిపె యూఎస్‌బీ పోర్టులోనే వదిలేసి, మౌస్‌ను అదే సంచిలో వేస్తున్నారా? బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆ మౌస్ మీ ల్యాప్‌టాప్‌ను లేపుతుంది. ఆ యూఎస్‌బీ పరికరం ఫోల్డర్‌లో పవర్ కింద వేకప్ ఫైలులో డిసేబుల్డ్ అని రాస్తే ఊరుకుంటుంది. యూఎస్‌బీ కాని వాటికి ప్రాక్ కింద ఏసీపీఐలోని వేకప్ ఫైలు చూడండి. అందులో ఆ పరికరం పేరు రాస్తే ఆన్‌లో ఉన్నది ఆఫ్ అవుతుంది, మళ్లీ రాస్తే ఆన్ అవుతుంది. రీస్టార్ట్ చేస్తే రెండూ మొదటికొస్తాయి.

మూడో దారి కూడా ఉంది: మూత వేసినా నిద్ర మొదలే కాకపోవడం. లాగ్‌లో 'ఫ్రీజింగ్' అని మొదలై 'ఫెయిల్డ్ ఆఫ్టర్ 20' సెకన్లు అన్న లైను కనిపిస్తే అదే. ఆఫీసు సర్వర్‌ను ఎస్ఎస్‌హెచ్ఎఫ్ఎస్‌తో మౌంట్ చేసి (తమ యంత్రంలో ఫోల్డర్‌లా తగిలించి) ఉంచుకునేవాళ్లకు ఇది మామూలు. ఆ మౌంట్‌ను నడిపే ప్రోగ్రామ్ ముందు గడ్డకట్టింది, దాని జవాబు కోసం ఎదురుచూస్తున్న ఇంకో ప్రాసెస్ గడ్డకట్టలేక అక్కడే నిలబడిపోయింది. కెర్నల్ 20 సెకన్లు చూసి, నిద్ర ఆలోచన మానుకుంటుంది. మీరేమో మూత వేసి సంచి సర్దేశారు. మౌంట్ తీసేసి మూత వేయడమే దీనికి మందు.

ఇదంతా తేలేదాకా బస్సెక్కేముందు షట్‌డౌన్ చేసేయండి. గుడ్డల మధ్య గంటల తరబడి కాగడం లిథియం బ్యాటరీకి మంచిది కాదు.

పాత కెర్నల్‌తో ఈ బాధ లేదని గుర్తుంటే మాత్రం పైవన్నీ పక్కన పెట్టి ముందు అది చూడండి. గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్ ఎంచుకుని రెండు మూడు రోజులు వాడండి. నిజంగా తేడా కనిపిస్తే, దోషి అయిన మార్పును వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ ఉంది. రెండు వరుస విడుదలల మధ్య మార్పులు పది వేలు దాటినా, సగానికి సగం కోసుకుంటూ పోతే 13, 14 మెట్లలో దోషి దొరుకుతుంది. కాకపోతే మీ జబ్బుకు ఇందులో ఒక మెలిక ఉంది. ఒక మెట్టులో రెండుసార్లు బాగా లేచిందని గుడ్ అని చెప్పేస్తే, అక్కడి నుంచి బైసెక్ట్ మొత్తం తప్పుదారి పట్టి, సంబంధం లేని ఎవరో సౌండ్ డ్రైవర్ ఆయన పేరు బయటపెడుతుంది. బ్యాడ్ అనడానికి ఒక్కసారి చాలు. గుడ్ అనడానికి ముప్పై నలభై సార్లయినా పడుకోబెట్టి లేపాలి. రాత్రి లూపు పెట్టి పడుకోండి.

దోషి తేలాక, బగ్‌లు నమోదు చేసే సైటు కెర్నల్ బగ్‌జిల్లాలో పవర్ మేనేజ్‌మెంట్ విభాగంలో రాయండి. డ్రైవర్ పేరు తెలిస్తే గెట్_మెయింటైనర్ స్క్రిప్టుతో దాన్ని చూసుకునేవాళ్ల చిరునామా పట్టుకుని వాళ్లకూ పంపండి. 'సస్పెండ్ పనిచేయట్లేదు' అన్న ఒక్క వాక్యంతో పంపితే ఎవరూ పట్టించుకోరు. పూర్తి డీమెస్‌జీ, హ్యాష్ మ్యాచెస్ లైన్లు, మెమ్_స్లీప్‌లో ఏముందో, ఎన్నిసార్లకు ఎన్నిసార్లు చచ్చిందో, మోడల్ పేరు రాయండి. బయోస్ వెర్షన్ కూడా మొదటి ఉత్తరంలోనే పెట్టండి, లేకపోతే వాళ్ల జవాబులో మొదటి ప్రశ్న అదే ఉంటుంది. ఉబుంటు లాంటి డిస్ట్రిబ్యూషన్ ఇచ్చే కెర్నల్‌లో చూసిన బగ్ అయితే, లైనస్ విడుదల చేసే అసలు మెయిన్‌లైన్ కెర్నల్‌లోనూ ఉందో లేదో చూసి మరీ రాయండి. అక్కడ ఇప్పటికే సరైపోయి ఉంటే ఆ ఉత్తరం పంపాల్సింది ఉబుంటు వాళ్లకు.